అమ్మ దాచుకున్న ఉప్పు

చేవెళ్ల బస్టాండు ఎదురుగా ఉన్న కిరాణా దుకాణంలోకి ఒక పిల్ల పెద్ద తెల్ల ప్లాస్టిక్ క్యాను పట్టుకుని వస్తే ఎవరైనా ఏమనుకుంటారు? నూనెకు వచ్చిందనుకుంటారు. కాశీనాథ్ కూడా అదే అనుకున్నాడు.

"పల్లి నూనెనా, పామాయిలా?" అన్నాడు తలెత్తకుండా.

"రెండు వద్దు సేటూ. ఈ క్యాను మీకే. రేపు పొద్దుగాల నుంచి ఎల్లుండి పొద్దుగాల దాక ఎన్నిసార్లు బాత్రూంకు పోతే అన్నిసార్లు ఇందుల పట్టాలె. ఒక్క చుక్క కూడ బయటికి పోవద్దు."

కాశీనాథ్ తలెత్తాడు. "ఏం పట్టాలె?"

"యూరిన్."

దుకాణంలో అప్పటికి నలుగురున్నారు. బీడీకట్ట కోసం వచ్చిన ఆటో కుర్మయ్య నవ్వాపుకోలేక బియ్యం బస్తా మీద కూలబడ్డాడు.

"బోణీ టైంల ఇదేం ముచ్చట మేడం? నా ఇజ్జత్ ఏం గావాలె?"

"ఇజ్జత్‌కేం గాదు, మూత గట్టిగ పెట్టుకుంటే చాలు," అందా పిల్ల ఏ మాత్రం సిగ్గు లేకుండా. "దేశమంత సర్వే నడుస్తున్నది. మనిషి రోజుకు ఎంత ఉప్పు తింటున్నడో అడిగితే ఎవ్వరు నిజం చెప్పరు. మేం చాన తక్కువ తింటం అంటరు. నోరు అబద్ధం చెప్తది గాని, ఇది చెప్పదు. లిస్టుల మీ పేరు కంప్యూటరే తీసింది, నేను కాదు."

బయట వాన మొదలైంది. క్యాను గల్లాపెట్టె మీద పెట్టేసి, ఫైలు నెత్తి మీద పెట్టుకుని, బురదలో చెప్పులు చేతపట్టుకుని పరుగెత్తింది. పేరు మేఘ అని ఆ ఫైలు మీద ఉన్నది. కాశీనాథ్ ఆ వానలోకే చూస్తూ నిలబడి, కుర్మయ్యకు బీడీలకు బదులు అగరుబత్తి కట్ట ఇచ్చాడు.

ఆ ఉదయాన్ని తలచుకుంటే ఇప్పుడు అతనికి నవ్వు రాదు. ఆ పిల్ల ఆ రోజు పక్క దుకాణంలోకి వెళ్లి ఉంటే ఎంత బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు.

ఆ మర్నాడే మొయినాబాద్‌లో మేనమామ శ్యాంసుందర్ ఇంట్లో సత్యనారాయణ వ్రతం. ఒక్క చుక్క బయటికి పోవద్దని ఆ పిల్ల చెప్పింది కదా, కాశీనాథ్ క్యానును నల్ల కవర్లో చుట్టి తీసుకుపోయాడు. వాళ్ల అత్తమ్మ దాన్ని పంచామృతానికి తెచ్చిన పాలనుకుని దేవుడి గదిలోకి తీసుకుపోబోయింది. అడ్డం పడి గుంజుకునేసరికి అతనికి తాతలు దిగొచ్చారు.

ఈ ముచ్చట చెబితే మేఘ కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. రిజల్టు కాగితం చేతిలో పెట్టి మళ్లీ నవ్వింది.

"పద్నాలుగు గ్రాములు! అయిదు దాటొద్దు సేటూ. మీరు తిన్నది అన్నం కాదు, ఉప్పు."

"సేటు అనకండి. నా పేరు కాశీనాథ్. అమీర్‌పేటల జావా నేర్చుకున్న నేను. మా బాపు పోయిండని ఈ గల్లా మీద కూసున్న గాని, లేకుంటే నేను కూడ మెడల ట్యాగు ఏసుకుందును."

"ట్యాగు ఏసుకున్నోళ్లు ఏమన్న తక్కువ తింటున్నరా? శనివారం వస్తే కార్లేసుకుని ఫాంహౌసులకు పోతరు, మీ దుకాణంలనే కదా చిప్స్, మిక్చర్ కొనేది? అయినా ఒక మాట చెప్తున్న వినండి. ఫారిన్‌ల ఉప్పు కంపెనీ డబ్బాల నుంచి వస్తది. మన దేశంల ఎక్కువ ఉప్పు మన అమ్మల చేతుల నుంచే వస్తది. కూరల, పప్పుల, తొక్కుల, సల్లల. కంపెనోణ్ని తిట్టొచ్చు. అమ్మను ఎట్ల తిడ్తం?"

నవ్వుతూ మొదలుపెట్టిన మనిషి ఆ మాట దగ్గర ఆగిపోయింది. వాళ్లమ్మ గోపమ్మకు బీపీ ఉన్నట్టే ఎవరికీ తెలియదు. వాళ్ల ఊరు కనకమామిడిలో నాట్లు వేస్తూ వేస్తూ మడిలోనే పడిపోయింది. ఒక పక్క చచ్చుబడి మూడేళ్లు మంచాన ఉండి పోయింది. డిగ్రీ చదువుకుంటూ ఆ మూడేళ్లూ తల్లికి అన్నీ మేఘే చేసింది. ఆ తర్వాతే ఈ సర్వేలో చేరింది. క్యాన్లు మోసే ఉద్యోగమని ఊళ్లో నవ్వినా ఆమె లెక్కచేయలేదు.

ఆ రోజు నుంచి కాశీనాథ్‌కు ఆ పిల్ల తప్ప వేరే లోకం లేకుండా పోయింది. పొద్దున ఒక మిస్డ్ కాల్, సాయంత్రం ఒక మిస్డ్ కాల్. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. 'సేటు' మాత్రం పోలేదు, ఏడిపించడానికి దాన్ని అట్టే పెట్టుకుంది.

సర్వేలో రెండో భాగం మొదలైంది. కొన్ని ఇళ్లకు కొత్త రకం ఉప్పు పంచుతారు. అందులో సోడియం తక్కువ, దాని బదులు పొటాషియం కలుపుతారు. చూడటానికి మామూలు ఉప్పే, కొంచెం చేదు తగులుతుంది. మేఘ ఫైలు తీసుకుని వాళ్లింటికి వచ్చింది. కాశీనాథ్ వాళ్లమ్మ కృష్ణవేణమ్మ పీట వేసి, టీ ఇచ్చి, ఆ పిల్ల ముఖాన్నే చూస్తూ కూర్చుంది.

"అమ్మా, ఇది జర జాగ్రత్తగ చెప్పాలె. ఇంట్ల ఎవరికన్న కిడ్నీ ఖరాబున్నదా? ఉంటే ఈ ఉప్పు ముట్టొద్దు. వాళ్లకిది విషమే."

"మా ఇంట్ల గసుంటి రోగాలు లేవు బిడ్డా," అంది కృష్ణవేణమ్మ.

"మీకు?"

"నాకేమైంది? గుండులెక్క ఉన్న."

గోడకు ఆనుకుని నిలబడ్డ కాశీనాథ్ రెండు ప్రశ్నలూ విన్నాడు, రెండు జవాబులూ విన్నాడు. మేఘ 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టింది.

రెండు నెలల్లో కాశీనాథ్ ఉప్పు పద్నాలుగు నుంచి ఎనిమిదికి దిగింది. చేవెళ్ల మొత్తంలో మీదే మోడల్ ఇల్లు, మా పెద్ద మేడం చూడటానికి వస్తున్నరు అని మేఘ సంబరంగా చెప్పింది. కాశీనాథ్‌కు ఒళ్లు పులకరించింది. ఆ పులకరింతలోనే ఇల్లంతా సర్దడం మొదలుపెట్టాడు. అదిగో, అప్పుడే కనిపించింది. పిండి డబ్బాల వెనక చిన్న పింగాణీ జాడీ. దాని నిండా పాత ఉప్పు.

తల్లి దొంగతనంగా పాత ఉప్పు వేసుకుంటున్నదని అతనికి నవ్వొచ్చింది. అడగొచ్చు కదా? అడగలేదు. తల్లిని పరేషాన్ చేయడమెందుకులే అనుకున్నాడు. ఆ ఉప్పు బయట పారబోసి, జాడీలో కొత్త ఉప్పు నింపి, ఎక్కడిదక్కడ పెట్టేశాడు. వచ్చే ఆదివారం గండిపేటలో కలిసినప్పుడు మేఘకు చెప్పి నవ్విద్దామని ఆ ముచ్చటను దాచుకున్నాడు. ప్రేమలో పడ్డ మగాడికి తెలివి ఎక్కువైతే ఇట్లాగే ఉంటుంది.

ఆ ఆదివారం రాలేదు. శుక్రవారం పొద్దున కృష్ణవేణమ్మ పొయ్యి దగ్గర నిలబడ్డదల్లా కూలిపోయింది. కాళ్లూ చేతులూ కదలడం లేదు. శ్యాంసుందర్ కారు తెచ్చాడు. మొయినాబాద్ దాటి పట్నంలో ఒక పెద్ద దవాఖానకు చేరేసరికి నాడి అందకుండా ఉంది.

గంట తర్వాత డాక్టరు బయటికి వచ్చి గట్టిగానే కోప్పడ్డాడు. "పొటాషియం ఏడు దాటింది. గుండె ఆగిపోయే స్థితిలో తెచ్చారు. ఆమె కిడ్నీలు ఇవాళ పాడైనవి కావు, ఏళ్ల నుంచి ఉన్న జబ్బిది. అలాంటి మనిషికి ఏం పెడుతున్నారండీ మీరు?"

తల్లికి జబ్బున్నదని కాశీనాథ్‌కు ఆ క్షణమే తెలిసింది. జాడీ ఎందుకు దాచుకుందో కూడా ఆ క్షణమే అర్థమైంది. తప్పు ఎవరిదో అతనికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

సరిగ్గా అప్పుడే మేఘ వరండాలోకి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"కాశీ, అమ్మకెట్లున్నది?"

"నీ ఉప్పే," అన్నాడు కాశీనాథ్. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని నమ్మలేకపోయాడు, కానీ ఆపలేకపోయాడు కూడా. "నీ ఉప్పు తినే మా అమ్మ గిట్లైంది. నువ్వే చేసినవ్."

శ్యాంసుందర్ ఊగిపోయాడు. "కిడ్నీ ఉన్నోళ్లు తినొద్దట కదా? ఎవల్నన్న అడిగినవా, లేక ఇంట్ల కూసుని టిక్కులు పెట్టుకున్నవా?"

"అడిగిన అన్నా. రెండుసార్లు అడిగిన. అమ్మ లేదన్నది. కాశీ కూడ అక్కడనే ఉండె," అని మేఘ అతని వైపు తిరిగింది. "చెప్పు కాశీ. నీ ముంగటనే అడిగిన కదా?"

కాశీనాథ్ నేల వైపు చూశాడు.

"నాకు యాదికి లేదు."

మేఘ వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. శ్యాంసుందర్ సర్వే ఆఫీసుకు వెళ్లి ఫిర్యాదు రాసిచ్చాడు. అడగకుండా టిక్కు పెట్టిందని మేఘను తీసేశారు. ఉప్పుల మందు కలిపిన్రట అని ఊళ్లో పుకారు లేచింది. జనం కొత్త ఉప్పు ప్యాకెట్లు మోరీలో పారబోసి, పాత ఉప్పు రెట్టింపు తెచ్చుకున్నారు. తెచ్చుకున్నది ఎక్కడి నుంచి? కాశీనాథ్ దుకాణం నుంచే. తూచి ఇస్తూ అతను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. మేఘకు రోజుకోసారి ఫోన్ చేసేవాడు. ఎత్తుతుందేమోనని భయపడి తనే కట్ చేసేవాడు.

పద్దెనిమిది రోజులకు కృష్ణవేణమ్మ ఇంటికి వచ్చింది. ఇక వారానికి రెండుసార్లు పట్నం తీసుకుపోయి డయాలసిస్ చేయించాలి. గుండె కూడా దెబ్బతిన్నదని, రెండేళ్లు, చాలా బాగుంటే మూడేళ్లు అని డాక్టరు కాశీనాథ్‌తో చెప్పాడు. తల్లితో చెప్పలేదు. కానీ ఆమెకు తెలియనిదేముంది?

ఇంటికొచ్చిన మూడో రోజు మధ్యాహ్నం ఆమె కొడుకును మంచం దగ్గరికి పిలిచింది.

"మేఘను ఒక్కపారి తోలుకరా కాశీ. కాళ్లు మొక్కాలె ఆ పిల్లకు."

"నువ్వెందుకు మొక్కుడే?"

"నేను అబద్ధమాడిన కదరా. రెండేండ్ల నుంచి మందులు మింగుతున్న. నెలకొక్కపారి సికింద్రాబాద్ అక్క ఇంటికి అని పోయింది దవాఖానకే. నీ లగ్గం కావాలె కదా. మంచాన పడే అత్త ఉన్నదంటే ఏ పిల్ల వస్తది? ఏ పిల్లో ఎందుకు, ఆ పిల్లనే అనుకున్న. మనోళ్లు కాదని మీ మామ లొల్లి చేస్తడు, నేను సముదాయిస్త అనుకున్న. తల్లిని మూడేండ్లు మంచం మీద సాకిన పిల్ల. మళ్ల ఇంకొక మంచమా అని భయపడి ఎనకకు పోతదేమో అని, ఆ పిల్ల అడిగినప్పుడు నోరు రాలేదు."

కాశీనాథ్‌ మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"కాని ఒక్కటి నాకు సమజ్ అయితలేదు," అంది తల్లి. "ఆ ఉప్పు నేను ముట్టనే లేదు. నాకు విషమని చెప్పింది కదా, కూరల ఉప్పెయ్యక ముందే నాకింత తీసి పెట్టుకుని, జాడీల పాత ఉప్పు ఏసుకున్న. ఆఖరి వారం నోరంత చేదు. ఉప్పే తెలుస్తలేకుండె. రోగం పెరిగింది, నాలుక చచ్చింది అనుకుని ఇంకింత, ఇంకింత ఏసుకున్న. అబద్ధం ఆడినందుకు దేవుడే శిక్ష ఏసిండు రా."

"దేవుడు కాదమ్మా."

"మరెవరు?"

చెప్పాడు. జాడీ సంగతి, దవాఖాన వరండాలో అన్న మాట, యాదికి లేదన్న మాట, ఒక్కటీ దాచకుండా చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. తల్లి కొడుతుందనుకున్నాడు, కొడితే బాగుండనుకున్నాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

"నాకు చెప్తే ఏమొస్తది? నేనంటే తల్లిని. పో, ఆ పిల్లకు చెప్పు."

కనకమామిడిలో మేఘ వాళ్ల పొలం ఇప్పుడొక ఫాంహౌసు. అమ్మేసిన ఆ పొలంలోనే వాళ్ల నాన్న యాదయ్య మాలీగా పని చేస్తున్నాడు. కాశీనాథ్ వెళ్లేసరికి పైపుతో లాన్‌కు నీళ్లు పెడుతున్నాడు. పలకరించలేదు, పొమ్మననూ లేదు. "బిడ్డా, నీ కోసం వచ్చిండు," అని ఒక కేక వేసి పైపు పట్టుకుని అటు పక్కకు వెళ్లిపోయాడు.

మేఘ గేటు దగ్గరికి వచ్చింది. మనిషి సగమైంది. సన్నగా తుంపర పడుతోంది. ఇద్దరూ తడుస్తూనే నిలబడ్డారు. కాశీనాథ్ తల్లి ఎందుకు అబద్ధమాడిందో చెప్పి, తను చేసిందంతా మళ్లీ చెప్పాడు.

"అంటే..." అంది మేఘ. "అంటే, అమ్మ నా మాట విన్నదా? ముట్టలేదా?"

"ముట్టలేదు. నేనే ముట్టిచ్చిన."

మేఘ గేటు పట్టుకుని భోరున ఏడ్చింది. "మూడు వారాల నుంచి అన్నం నోట్ల పెట్టలేకపోయిన కాశీ. మా అమ్మను బతికించుకోలేదు, ఇప్పుడు ఇంకొకల్ల అమ్మను నా చేతులతోని చంపిననుకున్న. నేను అడుగుడే సక్కగ అడగలేదేమో, భయపెట్టినట్టు అడిగిన్నేమో అని రోజు అదే ఆలోచన."

"మాఫ్ చెయ్ మేఘా. నీ కాళ్లు పట్టుకుంట."

"ఉప్పు మార్చినవ్. అది నన్ను సంబరపెడదామని చేసినవ్, సమజ్ అయింది. భయంతోని నా మీద ఏసినవ్, అది కూడ సమజ్ చేసుకుంట. కాని నీ ముంగట అడిగిన కదా అని అంతమంది ముంగట నిన్ను అడిగితే, యాదికి లేదని ఎట్ల అన్నవ్?"

కాశీనాథ్ వంగి ఆమె కాళ్లు పట్టుకోబోయాడు. మేఘ వెనక్కి జరిగింది.

"నిన్ను ప్రేమించిన నేను. ఇప్పుడు కూడ ప్రేమిస్తున్న, అదే నా ఏడుపు. లేకుంటే నాలుగు తిట్టి తోలేద్దును. నాకు కష్టమొచ్చినప్పుడు నువ్వు ఏ దిక్కు నిలబడ్తవో చూసిన. చూసినంక చూడనట్టు ఎట్ల ఉంటరు?"

మర్నాడు కాశీనాథ్ పట్నంలో సర్వే ఆఫీసుకు వెళ్లి పెద్ద మేడం ముందు అంతా చెప్పి, రాసి, సంతకం పెట్టాడు. ఆమె ఓపిగ్గా విని, మేఘ మీద మచ్చ లేకుండా కాగితం ఇస్తామంది. ఉద్యోగం మాత్రం లేదంది. చేవెళ్లలో సర్వే మూసేశారట. ఇంక ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ క్యాను ముట్టుకోవడం లేదట. మేనమామ ముందు, బస్టాండు కూడలిలో కుర్మయ్య ముందు, దుకాణానికి వచ్చిన ప్రతి మనిషి ముందు కాశీనాథ్ తన తప్పు చెప్పుకున్నాడు. కొందరు నమ్మలేదు. ఆ పిల్ల మాయలో పడి నెత్తిన వేసుకుంటున్నాడన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

ఆ మంగళవారం డయాలసిస్ గదికి మేఘ వచ్చింది. కాల్‌సెంటర్‌లో చేరిందట. పొద్దున డ్యూటీ దిగి, క్యాబులో ఇంటిదాకా పోక, మధ్యలో దిగి బస్సు పట్టుకుని వచ్చింది. కృష్ణవేణమ్మ లేవబోతే భుజం పట్టుకుని పడుకోబెట్టింది.

"మాఫ్ చెయ్ బిడ్డా. నీతోని అబద్ధమాడిన."

"మంచానికి భయపడ్తననుకున్నరా అమ్మా? నాకు మంచమంటే భయం లేదు. మా అమ్మ మంచం ఖాళీ అయినంకనే నాకు భయమైంది."

కృష్ణవేణమ్మ ఆ పిల్ల చేయి తీసుకుని తన కళ్లకు అద్దుకుంది. తర్వాత ఇద్దరి చేతులూ కలపాలని కొడుకు చేతి కోసం చూసింది. మేఘ తన చేయి నెమ్మదిగా వెనక్కి తీసుకుని దుప్పటి సర్దింది. తల్లి అర్థం చేసుకుని ఊరుకుంది.

అప్పటి నుంచి మంగళవారం, శుక్రవారం తప్పకుండా వస్తోంది. నాలుగు గంటలూ ఆమె పక్కనే కూర్చుంటుంది. ఉప్పు లేని అన్నం కలిపి తినిపిస్తుంది, ఆఫీసులో అమెరికా వాళ్లు ఫోన్లో తిట్టే తిట్లు చెప్పి నవ్విస్తుంది. కాశీనాథ్ అద్దం తలుపు అవతల బెంచీ మీద కూర్చుంటాడు. తిరిగి వెళ్లేటప్పుడు ముగ్గురూ మేనమామ కారులోనే. అతను బండి నడుపుతాడు, వాళ్లిద్దరూ వెనక సీట్లో. కనకమామిడి దారి దగ్గర ఆమె దిగిపోతుంది.

నాలుగు నెలలయ్యాక ఒక శుక్రవారం, తల్లి వెనక సీట్లో నిద్రపోతుండగా, కాశీనాథ్ కారు దిగి మేఘ వెంట నాలుగడుగులు వేశాడు.

"మేఘా, ఒక్క మాట. ఇట్ల ఎన్ని దినాలు?"

ఆమె ఆగింది. చాలా రోజుల తర్వాత అతని కళ్లలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపమే ఉంటే బతిమాలుకునేవాడు.

"నాకు తెల్వది కాశీ. అమ్మ ఉన్నన్ని దినాలు మాత్రం వస్త. తర్వాత సంగతి నన్ను అడగకు."

ఆమె వెళ్లిపోయింది. కాశీనాథ్ వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. వెనక తల్లి ఊపిరి బరువుగా వినబడుతోంది. రెండేళ్లు, చాలా బాగుంటే మూడేళ్లు అన్నాడు డాక్టరు. అందులో నాలుగు నెలలు అయిపోయాయి.

ఇప్పుడు కాశీనాథ్ రోజూ పొద్దున దుకాణం తెరిచే ముందు అమ్మను బతికించమని దేవుడికి మొక్కుతాడు. ఆ మొక్కు అమ్మ కోసమో, మంగళవారం కోసమో, శుక్రవారం కోసమో అతనికే తెలియదు.